నంద్యాల బరిలో ఇద్దరు

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉపఎన్నిక జరిగింది. పాములపర్తి వేంకట నరసింహారావు గారు ఆ ఎన్నికలో దాదాపు 5 లక్షల 80 వేల ఆధిక్యంతో గెలిచారన్న సంగతి తెలుగునాట చాలామందికి గుర్తుంది. ఆ ఏడాది జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాడు. ఒక తెలుగువాడు ఆ పీఠం ఎక్కాడు కదా, అడ్డుపడడం మర్యాద కాదని రామారావు గారు తెలుగుదేశం తరఫున అభ్యర్థిని నిలపలేదు. ఈ కథ మనవాళ్ళు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు.

మరి ఓడినదెవరు? ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగి చూశాను. రాజకీయాలు నమిలి మింగే మా తుని మిత్రులు కూడా కాసేపు తల గోక్కుంటారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా నిలబడి, 46 వేలకు కాస్త తక్కువ వోట్లు తెచ్చుకొని, ధరావతు పోగొట్టుకున్న ఆ మనిషి పేరు బంగారు లక్ష్మణ్.

ఆ బరిలో నిలిచిన ఇద్దరూ తరువాతి కాలంలో ఢిల్లీ న్యాయస్థానాల్లో అవినీతి కేసుల్లో దోషులుగా నిలబడ్డారు. గెలిచినాయనకు 2000లో, ఓడినాయనకు 2012లో శిక్ష పడింది. ఒకరిది ఒక పార్టీ, మరొకరిది దాని బద్ధశత్రువు. ఒకరు కరీంనగరం జిల్లా భూస్వామి ఇంట పెరిగిన బ్రాహ్మణుడు, వేయిపడగలను హిందీలోకి దించిన పండితుడు. మరొకరు హైదరాబాదులో పుట్టిన దళితుడు, చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ పైకి వచ్చినవాడు. పీవీ గారి మీద మన భాషలో పుస్తకాలకు కొదవలేదు. లక్ష్మణ్ గురించి తెలుగులో ఒక మంచి వ్యాసం నా కంటబడలేదు. అందుకే ఈ టపాలో ఎక్కువ భాగం ఓడినవాడిదే.

ఆయన 1939 మార్చి 17న పుట్టాడు. పన్నెండేళ్ళ వయసుకే సంఘ్ శాఖకు వెళ్ళడం మొదలుపెట్టాడంటారు. కొంతకాలం రైల్వేలో, తరువాత అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో పనిచేస్తూ ఉస్మానియాలో చదువుకున్నాడు. ఉద్యోగం వదిలి జనసంఘంలో చేరడమంటే ఆ రోజుల్లో అన్నం పెట్టే చేతిని వదులుకొని గాలిని పట్టుకోవడమే. ఆంధ్రదేశంలో ఆ పార్టీకి అప్పుడు దీపం గుర్తు ఉండేది గాని, ఆ దీపంలో నూనె ఉండేది కాదు. అత్యవసర పరిస్థితిలో జైలుకు వెళ్ళాడు. రాష్ట్ర పార్టీకి అధ్యక్షుడయ్యాడు. నంద్యాలలో ప్రధానమంత్రి మీద నిలబడమంటే నిలబడ్డాడు. అటువంటి ఎన్నికల్లో నిలబడడానికి పార్టీలు ఎవరిని ఎంచుకుంటాయో మనకు తెలియనిది కాదు. 1996లో గుజరాతు నుంచి రాజ్యసభకు పంపారు. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వంలో సహాయమంత్రి అయ్యాడు. ఆ పదవిలో కొంతకాలం ఆయన చూసింది రైల్వే శాఖ! ఒకనాడు రైల్వేలో చిన్న ఉద్యోగిగా సంతకం చేసిన మనిషి రైల్వే సహాయమంత్రిగా సంతకం చేశాడు. మా ఊరి ప్లాట్‌ఫారం మీద నిలబడి హౌరా మద్రాసు దారిలో పోయే బళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి కాబోలు, ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే.

2000 ఆగస్టులో ఆయన పార్టీ జాతీయ అధ్యక్షుడయ్యాడు. ఆ పార్టీలో ఆ పీఠం ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. నాగపూరు సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం, ముస్లిములకూ దళితులకూ పార్టీ దగ్గర కావాలని చెప్పిన ప్రసంగం, సొంతవాళ్ళలోనే కొందరికి గొంతు దిగలేదు. ఇది జరిగిన నెలరోజులకే, సెప్టెంబరు 29న, నంద్యాలలో తనను ఓడించిన మనిషిని ప్రత్యేక న్యాయస్థానం దోషిగా ప్రకటించింది. అవినీతి కేసులో శిక్షపడిన మొదటి మాజీ ప్రధాని ఆయన. ఆనాడు లక్ష్మణ్ అధికారపక్షానికి అధ్యక్షుడు. పీవీ గారిని సొంత పార్టీయే పలకరించడం మానేసింది. పదేళ్ళు తిరగకముందే త్రాసు ఇంతగా తలకిందులైంది.

అప్పటికి లక్ష్మణ్‌కు మిగిలిన వ్యవధి ఐదున్నర నెలలు.

తెహల్కా కథ ఈ తరం చదువరులకు తెలియకపోవచ్చు, అందుకని క్లుప్తంగా చెబుతాను. అది 2000లో పుట్టిన ఒక వార్తా జాలస్థలి. దాని విలేఖరులు లండనులో వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఒకటి ఉన్నట్టు కల్పించారు. అది సైన్యానికి చీకట్లో శరీరపు వేడినిబట్టి మనుషులను చూపే చేతి కెమెరాలు అమ్మజూపుతుంది. కంపెనీ లేదు, కెమెరాలూ లేవు. ఆ లేని సరుకు కోసం ఉన్నవాళ్ళు ఎవరెవరు ఎంతెంత తీసుకుంటారో రహస్యంగా చిత్రీకరించడమే వాళ్ళ పని. చిన్న అధికారులతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కి, 2001 జనవరిలో అధికారపక్షపు అధ్యక్షుడి గదిదాకా వెళ్ళారు. ఆయనకు లక్ష రూపాయలు ఇచ్చారు. ఆయన తీసుకొని బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. మార్చి 13న ఆ బొమ్మలు లోకమంతా చూసింది. మరుసటి రోజుకల్లా ఆయన అధ్యక్షుడు కాడు. రక్షణమంత్రి జార్జి ఫెర్నాండెజ్ కూడా ఆ వారంలోనే రాజీనామా చేశారు గాని, అదే ఏడు అక్టోబరులో మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. లక్ష్మణ్‌కు అటువంటి అక్టోబరు రాలేదు.

ఆ రాత్రి టీవీలో ఆ దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ వేశారు. మర్నాడు పొద్దున్న నేను తాండవ వంతెన దాటి పాయకరావుపేట వెళ్ళవలసిన పని పడింది. (అప్పట్లో ఏటికి ఇవతల తూర్పుగోదావరి, అవతల విశాఖ జిల్లా. 2022 నుంచి ఇవతల కాకినాడ జిల్లా, అవతల అనకాపల్లి జిల్లా. ఏరు మాత్రం అక్కడే ఉంది.) వంతెన దగ్గరి టీ బడ్డీలో అందరూ అదే మాట్లాడుతున్నారు. బడ్డీ యజమాని గ్లాసు తొలుస్తూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "లక్షేనాండీ? మా సందులో కాలవ కట్టిన కాంట్రాక్టులో అంతకన్నా ఎక్కువ తినుంటారండీ. అంత పెద్దాయన, లక్షకి ఎలా పడిపోయాడండీ?"

పక్కనున్న ముసలాయన, బహుశా తమలపాకు తోటల్లో పనిచేసేవాడు, చాలాసేపు ఊరుకొని, "మనోడు కాబట్టి దొరికేడు" అన్నాడు. "మనోడు" అన్న ఆ ఒక్క మాటలో ఎన్ని అర్థాలున్నాయో! తెలుగువాడనా? పేదింటివాడనా? దళితుడనా? అక్కడున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్కటిగా అర్థం చేసుకొని తల ఊపారు.

ఈ రెండు మాటల మీద నాకు అభిప్రాయభేదం ఉంది. మొదటిది లక్ష గురించి. లంచానికి కొలతబద్ద పెట్టి, ఇంతకు తక్కువైతే జాలి, ఇంతకు మించితే కోపం అనుకోవడం మనకు అలవాటైపోయింది. కాని ఆ గదిలో జరిగినదాన్ని లక్ష రూపాయల బేరంగా చూడడం పొరపాటు. సైన్యానికి ఏ సరుకు కొనాలో, దేశాన్నేలే పార్టీ అధ్యక్షుడు ఒక మాట సాయం చేస్తాడన్న నమ్మకం మీద ఇచ్చిన బయానా అది. పార్టీకి విరాళంగా తీసుకున్నానని ఆయన అన్నాడు. విరాళానికి రసీదు ఉంటుంది, రసీదు పుస్తకానికి కోశాధికారి ఉంటాడు.

రెండో మాట అంత తేలిగ్గా కొట్టిపారేయలేనిది. అదే వలలో చిక్కిన మరికొందరికి శిక్షపడడానికి ఇంకెంత కాలం పట్టిందో చూడండి. ఫెర్నాండెజ్ గారి సన్నిహితురాలు జయా జైట్లీకి 2020 జూలైలో నాలుగేళ్ళ శిక్ష పడింది, అంటే పంతొమ్మిదేళ్ళ తరువాత. అదే రోజు ఉన్నత న్యాయస్థానం ఆ శిక్షను నిలిపివేసింది. నోట్లకట్ట అందుకుంటున్న ముఖమంటూ ఈ దేశపు జ్ఞాపకంలో మిగిలింది లక్ష్మణ్‌ది ఒక్కటే. ఆ కెమెరా కులం చూసి తిరిగిందని నేననను. కాని చూసిన కళ్ళు, గుర్తుపెట్టుకున్న కళ్ళు, కులం చూడలేదని కూడా అనలేను. ఆయన తప్పు చేశాడు. ఆ తప్పుకు ఆయన చెల్లించిన వెల పక్కవాడు చెల్లించిన వెలకన్నా ఎక్కువ. రెండూ నిజమే.

ఇక్కడ మన భాష గురించి కాస్త పక్కదారి పడతాను, క్షమించాలి. లంచానికి తెలుగులో ఉన్నన్ని ముద్దుపేర్లు ఇంకే నేరానికైనా ఉన్నాయా? చేయి తడపడం. కాగితం మీద బరువు పెట్టడం. ఆమ్యామ్యా. అన్నిటికన్నా భయంకరమైనది "మామూలు". ఎప్పుడూ జరిగేదాన్ని మామూలు అంటాం, లంచాన్నీ మామూలే అంటాం. రెంటికీ వేరే మాట అక్కర్లేకపోయింది. మా ప్రాంతంలో ఇంకో పద్ధతి ఉంది. డబ్బు చేతికిస్తే అవమానమని, ఆకువక్కలో పెట్టి ఇస్తారు. తుని తమలపాకు నోట్లో వేసుకుంటే కరిగిపోతుందని పేరు. అంత మెత్తని ఆకును ఇటువంటి పనికి కూడా వాడుతున్నామని ఆ తోటల రైతులకు తెలుసో లేదో.

పదిహేనేళ్ళ కిందటి మాట. మా నాన్నగారు పోయాక ఎకరంన్నర భూమి నా పేరుకు మార్పించుకోవడానికి ఒకానొక కార్యాలయం చుట్టూ తిరిగాను. అక్కడి గుమాస్తా ఎంతో మర్యాదస్థుడు. కుర్చీ వేసేవాడు, మంచినీళ్ళు ఇప్పించేవాడు, అమ్మగారి ఆరోగ్యం అడిగేవాడు. "ఏముందండీ, మామూలే కదండీ" అని నవ్వేవాడు. నేను అర్థం కానట్టు నవ్వేవాణ్ణి. ఈ నవ్వులు ఏడు నెలలు నడిచాయి. ఒకరోజు హఠాత్తుగా పని అయిపోయింది. కాగితం చేతిలో పెట్టి, నమస్కారం పెట్టాడు. పైసా ఇవ్వకుండా పని చేయించుకున్నానని నేను పదిమందికీ చెప్పుకొన్నాను. రెండేళ్ళ తరువాత ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర మా బావగారు, మా అక్క వడ్డిస్తుండగా, మెల్లగా అన్నారు. "నువ్వు ఇవ్వవని తెలిసి నేనే ఇచ్చేశానోయ్. ఎన్నాళ్ళు తిరుగుతావు?" ఆయన నా మేలు కోరే చేశారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. కాని ఆ భూమి దస్తావేజు తీసి చూసినప్పుడల్లా అందులో నా సంతకం పక్కన కనపడని సంతకం ఇంకొకటి ఉన్నట్టు అనిపిస్తుంది. 2018లో చట్టం సవరించారు. ఇప్పుడు లంచం ఇవ్వడమూ సూటిగా నేరమే, బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసుకుంటే తప్ప. మా బావగారికి ఈ సంగతి చెబితే, "ఏడు రోజుల్లో ఫిర్యాదు తీసుకోవడానికి అక్కడ మళ్ళీ ఎంతవుతుందో" అన్నారు.

చిన్న ఉద్యోగి ఎలా పట్టుబడతాడో మనం దినపత్రికల్లో వారానికొకటైనా చదువుతాం. నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి పూస్తారు. అది కంటికి ఆనదు. పట్టుకున్నాక నిందితుడి వేళ్ళను సోడా కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబిరంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళను సీసాల్లో పోసి సీలు వేసి సాక్ష్యంగా దాస్తారు. ఏ గ్రామ రెవెన్యూ అధికారో, ఏ లైన్‌మనో తలవంచుకొని నిలబడ్డ ఫొటో, ముందు బల్ల మీద నోట్లు, పక్కన సీసాలు. లక్ష్మణ్ విషయంలో వేళ్ళు ముంచిన నీళ్ళు లేవు, సీసా లేదు. ఉన్నదల్లా ఒక కెమెరా. పీవీ గారి విషయంలో అదీ లేదు.

పీవీ గారి కేసు తెలిసినదే. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం మీద 251కి 265 వోట్లతో ఆయన ప్రభుత్వం గట్టెక్కింది. గట్టెక్కించినవాళ్ళలో ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు నలుగురు ఉన్నారు. వాళ్ళకు డబ్బు ముట్టిందన్న ఆరోపణ మీద కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది. డబ్బు పుచ్చుకొని సభలో వోటు వేసినవాళ్ళకు రాజ్యాంగం రక్షణ కల్పిస్తుంది కాబట్టి వాళ్ళ మీద కేసు నడవదు. ఇచ్చినవాళ్ళ మీద నడుస్తుంది. పుచ్చుకొని వోటు వేయకపోతే మాత్రం రక్షణ లేదు! లంచం తిన్నవాడు మాట నిలబెట్టుకుంటే చట్టం కాపాడుతుంది, మాట తప్పితే శిక్షిస్తుంది అన్నట్టయింది. న్యాయకోవిదుల నడిగితే అది అంత సూటి కాదని అంటారు, కాని ఎన్నిసార్లు చదివినా నాకు అలాగే అర్థమవుతుంది. ఇచ్చాడన్న నేరం మీద 2000 అక్టోబరులో పీవీ గారికి మూడేళ్ళ శిక్ష పడింది. 2002 మార్చి 15న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం, అప్రూవరు మాట నమ్మదగింది కాదని ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. 2004 డిసెంబరులో ఆయన పోయారు.

లక్ష్మణ్ కథ నత్తనడకన సాగింది. మొదట ఒక న్యాయమూర్తి కమిషను, ఆయన వెళ్ళిపోతే ఇంకో న్యాయమూర్తి, ప్రభుత్వం మారాక సీబీఐ. 2004లో కేసు నమోదు, 2006లో అభియోగపత్రం, 2011లో అభియోగాల ఖరారు. ఇదే 2011లో చైనాలో హాంగ్‌జౌ నగర ఉపమేయరు షూ మైయాంగ్‌ను లంచాల నేరం మీద జూలై 19న ఉరుములేని పిడుగులా మట్టుబెట్టేశారు. అంతకుముందు బీజింగు మేయరుగా, పార్టీ కార్యదర్శిగా ఆ నగరాన్ని ఏలిన చెన్ షితోంగ్‌కు 1998లో పదహారేళ్ళ శిక్ష వేశారు. బహుమతులుగా వచ్చిన గడియారాలు, కెమెరాల వంటివి ఖజానాకు అప్పగించకుండా ఉంచుకున్నాడన్నది ఆయన మీది నేరాల్లో ఒకటి, వాటి విలువ 5 లక్షల 55 వేల యువాన్లు. అలా చేస్తే గాని మనవాళ్ళకు బుద్ధి రాదని టీ బడ్డీల దగ్గర అనేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. కాని చెన్ పతనంలో లంచమెంతో, పై మెట్టు మీద కుమ్ములాట ఎంతో అక్కడివాళ్ళు బయటకు అనలేరు. మన దగ్గర పదకొండేళ్ళు పట్టింది, నిజమే. ఆ పదకొండేళ్ళూ నిందితుడు తన వాదన వినిపించుకున్నాడు, పత్రికలు ఆ కెమెరా పద్ధతి న్యాయమేనా అని వాదించుకున్నాయి. నాకు ఈ నత్త మీదే మనసు, దాని మీద విసుగుతో సహా.

2012 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. మర్నాడు నాలుగేళ్ళ కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. తీసుకున్నదీ లక్షే, కట్టవలసిందీ లక్షే. డెబ్భై మూడేళ్ళ మనిషి తీహారు జైలుకు వెళ్ళాడు. ఆరు నెలలకు బెయిలు మీద వచ్చాడు. అప్పీలు చేసుకున్నాడు. 2014 మార్చి 1న, అప్పీలు తేలకుండానే సికింద్రాబాదు ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయనను పట్టించిన పత్రిక సంపాదకుడు తరుణ్ తేజ్‌పాల్ అప్పటికి వేరొక కేసులో, సహోద్యోగిని మీద అత్యాచారం చేశాడన్న ఆరోపణ మీద, జైల్లో ఉన్నాడు. (2021లో గోవా న్యాయస్థానం ఆయనను నిర్దోషి అంది.)

ఖజానా సొమ్ము, చెరసాల అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది కంచెర్ల గోపన్న. పాల్వంచ పరగణా తహసీల్దారు, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి గోలకొండ ఖైదులో పడ్డాడు. మనం ఆయనను పాటల్లో పెట్టుకొని పాడుకుంటాం. తానీషా లెక్కల పుస్తకం వైపు నుంచి ఆ కథను ఎవరూ చెప్పరు. చెప్పమని కూడా నేననడం లేదు. కాని "తిన్నాడా, గుడి కట్టాడా" అని అడిగి తీర్పు చెప్పే అలవాటు మనకు అక్కణ్ణుంచే వచ్చిందేమో. పార్టీకి విరాళం అన్నప్పుడు లక్ష్మణ్ ఆశ్రయించింది కూడా ఆ గుడినీడనే. పార్టీ ఆయనకు గుడి వంటిది కదా, పన్నెండో ఏట నుంచి.

పీవీ గారికి 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటించారు. ప్రకటించింది నంద్యాలలో ఆయనపై పోటీ చేసిన పార్టీ ప్రభుత్వమే. మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 1998 నాటి ఆ తీర్పును కొట్టివేసింది. లంచం పుచ్చుకొని వోటు వేసిన సభ్యుడికి ఇక రక్షణ లేదంది. ఆ కొట్టివేసిన తీర్పును న్యాయవాదులు పిలుచుకునేది పీవీ గారి పేరుతోనే. మార్చి 30న రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన కుటుంబం భారతరత్న అందుకుంది.

ఈ తేదీల నడుమ, మార్చి 1న, బంగారు లక్ష్మణ్ పోయి సరిగ్గా పదేళ్ళయింది. ఆ రోజు మా ఇంటికి వచ్చే రెండు దినపత్రికలూ మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగేశాను. ఎక్కడా ఆయన పేరు లేదు.